మెట్టెలు తీయని రత్నమాలక్క

రత్నమాలక్క గురించి చెప్పడం మొదలుపెడితే నా నోరు ఆగదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నేను గొంతు సవరించుకోగానే ఒక్కొక్కరే పని ఉందని లేచిపోతారు. పోతే పోనీ, కూర్చున్నవాళ్లకే చెబుతాను.

ఆమెది కోరుట్ల. నేత ఇంటి బిడ్డ. పెళ్లయి సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లికి, మా పక్కింటికి కోడలుగా వచ్చింది. మనిషి పొడగరి, గొంతు అంతకంటే పెద్దది. మరమగ్గాల సాంచెల చప్పుడును దాటుకుని ఆమె పిలుపు రెండు వాడల అవతలికి వినిపించేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్మల్లా ఒక జత వెండి మెట్టెలు. వాళ్లమ్మ తన కడియం కరిగించి చేయించిందట. వాటిని చూసుకుని ఆమెకు ఎంత గర్వమో! నడిస్తే బండల మీద టక్కుమని వినబడాలని కాలు కాస్త గట్టిగానే వేసేది.

మగడు లక్ష్మీరాజం. మంచివాడు, మెత్తనివాడు, తల్లి గీసిన గీత దాటనివాడు. మానేరు ఒడ్డున ముత్యం సేటు రంగుల షెడ్డులో పనిచేసేవాడు. రత్నమాలక్కా నేనూ అక్కడే గుడ్డలు పిండి ఆరేసే పనికి పోయేవాళ్లం.

ఆ షెడ్డు సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ నలుపు రోజు, తెలుపు రోజు అని రెండు రకాల రోజులుండేవి. నలుపు రోజు సల్ఫైడు పలుకులు వేసి కాచిన నీళ్లలో నల్ల రంగు కలిపి గుడ్డ ముంచేవాళ్లు. తెలుపు రోజు గుడ్డను బ్లీచింగు చేసి, చివర యాసిడ్ కలిపిన నీళ్లలో జాడించేవాళ్లు. రెండు రోజుల మురికినీళ్లూ షెడ్డు లోపలే వెనక గోడ పక్కనున్న ఒకే గుంతలోకి పోయేవి. అయితే నల్ల నీళ్లను మోటరు పెట్టి వాగులోకి తోడేశాకే తెలుపు పని మొదలుపెట్టాలి. ఎందుకని అడిగితే చెప్పేవాడు లేడు. మొదటి నుంచీ అంతే.

ఇంకొకటి కూడా మొదటి నుంచీ అంతే. షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల కాళ్ల మీద వెండి నల్లబడేది. మెట్టెలు నల్లబడితే మగడికి గండమని మా వాడ నమ్మకం. మరి ఏం చేయాలి? ఉపాయం చెప్పింది లక్ష్మీరాజం తల్లి మల్లవ్వ. ఆమె షెడ్డులో అందరికంటే పాత మనిషి. తలుపు దగ్గర మూత ఉన్న రేకు డబ్బా ఒకటి పెట్టించింది. లోపలికి పోయే ముందు ఆడవాళ్లంతా మెట్టెలు తీసి అందులో వేయాలి, సాయంత్రం మళ్లీ తొడుక్కోవాలి. మెట్టెలు తెల్లగా, మగలు చల్లగా! మేమంతా బుద్ధిగా వేసేవాళ్లం. సాయంత్రం ఎవరివి ఎవరివో తేల్చుకోవడానికి జరిగే కొట్లాట వేరే కథ.

ఒకరోజు రత్నమాలక్క మెట్టెలు తీయడం మరిచిపోయింది. ఇంటికి వచ్చేసరికి అవి బొగ్గు పూసినట్టు ఉన్నాయి. అత్త కంట పడకముందే వాళ్ల ముందరి గదిలో కిరాయికి ఉండే దేవదాస్ సారు దగ్గరికి పోయింది. ఆయనది వెల్గటూరు, మా బడిలో సైన్సు చెప్పేవాడు.

"సారూ, వెండి నల్లగెందుకైతది? మా అత్తేమో మొగనికి గండమంటది" అని అడిగింది.

సారు మెట్టెను వెలుతురులో తిప్పి చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అక్కా, మీ షెడ్డుల మురిగిన గుడ్డు వాసనస్తదా?"

"అస్తది సారు. రోజు ఉండేదే."

"అది గ్యాసక్కా! హైడ్రోజన్ సల్ఫైడు. వెండిని నల్లగ జేసేది అదే. మీ నల్ల నీళ్లల్ల యాసిడు వడ్డదనుకో, ఒక్కపారే బుసబుస లేస్తది. గది మూసి ఉంటే మనుషులు దక్కరు."

మోటరు పెట్టాకే తెలుపు పని ఎందుకో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. పరుగున వచ్చి మా వంటింట్లో నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "లీలా, ఎర్కైంది లీలా! ఎందుకో ఎర్కైంది!" నా చేతిలో ఉన్న పప్పు గిన్నె సగం నేలపాలయింది. ఆమె పట్టించుకుంటేనా!

సారు అంతటితో ఆగలేదు. ఆదివారం జగిత్యాల పోయి, అక్కడి కాలేజీలో లెక్చరరుగా ఉన్న స్నేహితుడి దగ్గర పుస్తకం చూసి వచ్చాడు. పది లక్షల పాళ్ల గాలిలో ఈ గ్యాసు ఇన్ని పాళ్లుంటే ఇలా, అన్ని పాళ్లుంటే అలా అని చెప్పడం మొదలుపెట్టాడు. రత్నమాలక్క చేయి అడ్డం పెట్టింది.

"పాళ్లు గీళ్లు నాకు తెల్వది. పోగుల్ల జెప్పు సారు."

సారు నవ్వాడు. "సరే. పది లక్షల పోగుల గుడ్డ అనుకో. అండ్ల ఒక్క పోగు నల్లదున్నా మురిగిన గుడ్డు వాసన గొడ్తది. పది నల్ల పోగుల దాక ఉంటే రోజు పని జేసుకోవచ్చని రాసిన్రు. అది దాటద్దు. దాటితే కండ్లు మండుతయి, తల నొస్తది, దగ్గస్తది. నూరు పోగులైతే కొద్దిసేపట్ల ముక్కు పనిజేసుడు బంద్ వెడ్తది. వాసనే తెల్వది. ఐదారు నూర్లయితే మనిషి వడిపోతడు. వెయ్యి దాక వోతే రెండు మూడు శ్వాసలే."

"అంటే గా వాసన వోయిందంటే గ్యాసు వోయినట్టు గాదా?"

"కాదు! ఉన్నట్టుండి వోయిందంటే ముక్కు వోయినట్టు. ఇగ ఎనుకకు సూడకుండ బయటికి ఉరుకుడే. ఇంకో మాట. ఒకడు వడ్తడు, వాన్ని గుంజుదామని ఇంకొకడు వోతడు, వాడు గూడ వడ్తడు. తడిగుడ్డ మూతికి కట్టుకుంటె ఆగేది గాదది. గాలి రానియ్యాలె. బయట నిలవడి గుంజాలె."

"మరి వెండి?"

"వెండి ఎన్ని పోగులున్నయో జెప్పదక్కా. ఉన్నదని మాత్రం జెప్తది."

ఆ ఒక్క మాట ఆమెకు చాలు. మర్నాడు షెడ్డు తలుపు దగ్గర రేకు డబ్బాను దాటుకుని టక్కు టక్కుమని లోపలికి నడిచింది. మల్లవ్వ నెత్తి కొట్టుకుంది. లక్ష్మీరాజం వెనకాలే వచ్చి గొంతు తగ్గించి బతిమాలాడు.

"తీసెయ్యరాదే. నాకు గండమట."

"నీకు గండమస్తే నాకు కనవడాలె గదా! డబ్బల వెడ్తె ఎవనికి కనవడ్తది?"

అప్పటి నుంచి రోజూ పొద్దున చింతపండుతో మెట్టెలు తోమేది, పనిలో గడియకోసారి కాళ్లు చూసుకునేది. షెడ్డంతా ఆమెను ఆటపట్టించింది. "రత్నమాలకు తొవ్వ కనవడది, కాలి ఏళ్లే కనవడ్తయి" అనేవాడు పోశం. లక్ష్మీరాజంతో కలిసి తొట్ల దగ్గర పనిచేసే మనిషి అతను. రెండు నీళ్లకు రెండు గుంతలు తవ్వించమని ముత్యం సేటునూ ఆమె అడిగింది. సేటు కాదనలేదు, సూద్దామన్నాడు. ఆ చూడడం ఎప్పటికీ అయ్యేది కాదు.

అవి ఎనభైల చివరి రోజులు. ఎక్కడో అడవిలో ఎన్‌కౌంటర్ జరిగితే మా దగ్గర బంద్. బంద్ రోజు షట్టరు తెరిస్తే కుర్రాళ్లు వచ్చి మూయించేవాళ్లు. వాళ్ల కోసం పోలీసులు మానేరు వంతెన మీద కాపలా ఉండేవాళ్లు. మధ్యలో మేము బియ్యం, ఉప్పు ముందురోజే తెచ్చిపెట్టుకునేవాళ్లం.

అలాంటి ఒక బంద్ రోజు సేటుకు సరుకు పంపే తొందర వచ్చిపడింది. పొద్దున్నే మమ్మల్ని పక్క తలుపులోంచి లోపలికి పంపి, ముందు షట్టరుకు బయట తాళం వేశాడు. కిటికీలకు గోనెసంచులు కుక్కించాడు. "సప్పుడు జెయ్యకుండ తెలుపు పని కానియ్యండ్రి. మోటరు మాత్రం పెట్టకుండ్రి, రోడ్డు దాక ఇనవడ్తది" అని చెప్పి తాను ఎదురింట్లో కూర్చున్నాడు. అంతకుముందు రోజు నలుపు రోజు. గుంత నిండా నల్ల నీళ్లు అలాగే ఉన్నాయి.

రత్నమాలక్క ఊరుకుంటుందా? "మోటరు వెట్టకుండ యాసిడు నీళ్లు ఇడువద్దు" అని మగడితో చెప్పింది. ఆయన తల ఊపాడు. కానీ యాసిడ్ తొట్టి నిండింది, గుడ్డ మీద గుడ్డ వచ్చిపడుతోంది. ఆమె మావైపు గుడ్డలు పిండుతున్న సమయంలో ఆయన కొంచెమే కదా అని తూము తీశాడు.

వాసన గుప్పున కొట్టింది. కళ్లలో కారం పడ్డట్టయింది. అందరం దగ్గుతున్నాం. పోశం తిట్ల దండకం అందుకున్నాడు. అంతలో ఉన్నట్టుండి ఏ వాసనా లేదు. "అబ్బ, వోయింది పీడ" అని పోశం మళ్లీ తొట్టి మీదికి వంగాడు.

రత్నమాలక్క చేతిలోని గుడ్డను విడిచేసింది. కాళ్లవైపు చూసింది. నేనూ చూశాను. పొద్దున్నే తోమిన మెట్టెలు పలకలా నల్లగా ఉన్నాయి.

"బయటికి ఉరుకుండ్రి! అన్ని ఇడిసిపెట్టుండ్రి! ఉరుకుండ్రి!"

ఆ గొంతుకు ఆ రోజు దండం పెట్టాలి. ఎందుకు, ఏమిటి అని అడగకుండానే ఆడవాళ్లమంతా పక్క తలుపులోంచి బయటపడ్డాం. గుంత దగ్గర వంగి ఉన్న లక్ష్మీరాజం కూడా ఆ కేక విని లేచాడు. ఇటు తిరిగాడు. మోకాళ్లు విరిగినట్టు అక్కడికక్కడే కూలిపోయాడు.

పోశం అటు ఉరకబోయాడు. రత్నమాలక్క వెనకనుంచి అతని చొక్కా పట్టుకుని తలుపు వైపు ఈడ్చింది.

"ఇడువు! రాజం వడిపోయిండు!"

"వడ్డది నా మొగడు! నువ్వు గూడ వడ్తె ఇద్దరు వోతరు. నడువు బయటికి!"

ఇద్దరూ బయటికి వచ్చి పడ్డారు. తలుపు బార్లా తెరిచి, దానికి కొంచెం దూరంలో చేతులు చాపి అడ్డంగా నిలబడింది ఆమె. మల్లవ్వ ఏడుస్తూ కోడలి వీపు మీద గుద్దుతోంది. "నా కొడుకు సస్తుండే! తొవ్వియ్యవే!" అక్క కదల్లేదు. ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, చేతులు మాత్రం దించలేదు. అంత ధైర్యం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చారు బంద్ వాళ్లు. ముందు రాములు. కాలేజీ చదువు మానేసి జెండా పట్టుకున్నవాడు, పోలీసులు వెతుకుతున్నవాడు. వెనక కర్రలతో పదిమంది. షట్టరు వేసి లోపల పని చేయిస్తున్నారని ఎవరో చెప్పినట్టున్నారు.

"బంద్ జెయ్యండ్రి! పని బంద్ జెయ్యండ్రి!" అని అరుస్తూ వచ్చారు.

రత్నమాలక్క వాళ్లకు ఎదురుగా ఉరికింది. "బంద్ గాదు తమ్మీ, తెరువుండ్రి! తాళం వలగొట్టుండ్రి! ఎనుక గోడ వలగొట్టుండ్రి! లోపట మనిషున్నడు, విషపు గాలి!"

పొద్దుటి నుంచి ఊరంతా తిరిగి తలుపులు మూయిస్తున్నవాళ్లు కదా, తెరవమనేసరికి రాములు ఒక్క క్షణం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ క్షణం తర్వాత ఏమన్నా ఉరికారా! నలుగురు బండరాళ్లతో షట్టరు తాళం మీద పడ్డారు. మిగతావాళ్లు గడ్డపార దొరకబుచ్చుకుని మానేరు వైపున్న వెనక గోడ దగ్గరికి తిరిగారు. ఎదురింట్లోంచి సేటు, "నా తాళం! నా గోడ!" అంటూ వచ్చి, సంగతి తెలిసి తానే ఇంకో గడ్డపార తెచ్చి ఇచ్చాడు. అది కూడా చెప్పాలి.

గాలి మానేరు మీదినుంచి వీస్తోంది. "తాళం దిక్కున్నోళ్లు షట్టరెత్తి పక్కకు జరుగుండ్రి, గాలి మీ మీదికే అస్తది!" అని కేక పెట్టింది అక్క. షట్టరు లేచింది. వెనక మట్టి ఇటుకల గోడకు మనిషి దూరేంత బొంద పడింది. మానేటి గాలి ఆ బొందలోంచి లోపలికి పోయి ముందు వైపు నుంచి వెళ్లిపోవడం మొదలైంది. లక్ష్మీరాజం ఆ బొందకు కొంచెం దూరంలోనే బోర్లా పడి ఉన్నాడు. రాములు లోపలికి దూకబోయాడు.

"వద్దు! లోపటికి ఎవ్వలు వోవద్దు! లీలా, కొక్కెం కర్ర!"

తొట్టిలోంచి తడి గుడ్డను పైకెత్తే పొడుగాటి వెదురు కర్ర, చివర ఇనుప కొక్కెం. ఆరబెట్టే దండేల దగ్గర ఒకటి ఉండేది. ఎలా ఉరికానో, ఎలా తెచ్చానో నాకే తెలియదు. రాములు గోడ బయట నిలబడి కర్ర లోపలికి తోసి కొక్కెం బనీనుకు తగిలించాడు. లాగితే బనీను చర్రున చినిగింది. మల్లవ్వ కెవ్వుమంది. రెండోసారి కొక్కెం లుంగీ ముడి కిందికి దూరి మొలతాడుకు తగులుకుంది. కొడుకు క్షేమం కోరి వేములవాడ పోయినప్పుడు మల్లవ్వ కట్టించిన మొలతాడు. ఎంత లావుదని మేమంతా నవ్వేవాళ్లం. అది తెగలేదు! ఆ మొలతాడు పట్టునే మనిషి జరజరా బొంద దాకా వచ్చాడు. పది చేతులు పడి బయటికి తీశాయి.

పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ అప్పుడోసారి, ఇప్పుడోసారి లేస్తోంది. "పానముంది!" అని అరిచాడు పోశం. బంద్ రోజు బండ్లు ఎక్కడివి? గుడ్డ మూటలు వేసుకుపోయే తోపుడు బండి మీద పడుకోబెట్టి ఉరికించాం. రాములూ, అతని మనుషులూ ఎంత జోరుగా తోశారంటే, బండి పక్కన పరుగెత్తలేక నా చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. వంతెన దగ్గరపడింది. మొదట్లోనే పోలీసులు. రాములు బండి మీంచి చేయి తీశాడు. "అక్కా, ఇంతదాకనే మాతోని అయితది" అని మనుషులతో సహా తుమ్మ చెట్లలోకి మాయమయ్యాడు.

"ఆగు! బంద్ రోజు గుంపేంది?" కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఆపితె నువ్వు నూకు!" అంది రత్నమాలక్క, ఆగకుండానే. "నూకేటోళ్లు లేరు, నువ్వు నూకు! నా మొగడు సస్తుండు!"

అతను ఒకసారి బండి మీది మొహం చూశాడు. లాఠీ చంకలో పెట్టుకుని బండి పట్టుకున్నాడు. ఇంకొకడు కూడా వచ్చాడు. వంతెన అవతల ఆస్పత్రి దాకా వాళ్లే తోశారు.

డాక్టరు ఏమైందని అడిగేలోపే అక్క గ్యాసు పేరు చెప్పేసింది. ఆయన ఇంకేమీ అడక్కుండా ఆక్సిజన్ పెట్టించాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందేమో చూడాలి, ఒకటి రెండు రోజులు కదలొద్దని చెప్పాడు. పొద్దు వాలకముందే లక్ష్మీరాజం కళ్లు తెరిచాడు. చుట్టూ చూసి మొదట అడిగిన మాట, "అవ్వ ఏది?"

"నీ అవ్వ బయటున్నది, నన్ను గుద్ది గుద్ది అలసిపోయింది" అంది రత్నమాలక్క. అని, మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటిదాకా ఒక్క ఏడుపు గొంతు దాటలేదు.

ఆయన ఇంటికి వచ్చిన రోజు మల్లవ్వ వాడంతా చాటింది. "నేను జెప్పలేదా? మెట్టెలు నల్లవడితే మొగనికి గండమని! అయ్యిందా లేదా?"

"అయ్యింది అత్తా, నువ్వు జెప్పిందే అయ్యింది" అంది కోడలు. "గండమస్తే మొగన్ని బయటికి తియ్యాలె గని మెట్టెలెందుకు తియ్యాలె?"

మర్నాడు మల్లవ్వ తానే పోయి రేకు డబ్బా తెచ్చుకుని అందులో పోకలు పోసుకుంది.

సేటు రెండో గుంత తవ్వించాడు. పడగొట్టిన గోడ మళ్లీ కట్టలేదు, అక్కడ తలుపుల్లేని పెద్ద కిటికీ పెట్టించాడు. దేవదాస్ సారు ఏదో సీసపు ఉప్పు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు గుంతల దగ్గర వేలాడదీశాడు. గ్యాసు సోకితే అవీ నల్లబడతాయట. ఆడవాళ్లమంతా మెట్టెలతోనే లోపలికి పోయేవాళ్లం. లక్ష్మీరాజం ముక్కు మాత్రం మునుపటిలా కాలేదు. తొట్టి దగ్గరినుంచి గడియకోసారి కేక వేసేవాడు. "ఏమే, ఎట్లున్నయి?" ఆమె కాలెత్తి చూసుకుని, "తెల్లగనే ఉన్నయి, పని జేస్కో" అనేది. షెడ్డంతా గొల్లుమనేది. ఆయన సిగ్గుపడేవాడు కాదు. మళ్లీ గడియకు మళ్లీ అడిగేవాడు.

షెడ్డు మూతపడి ఏళ్లయింది. పోయిన ఏడు రత్నమాలక్కకు పిత్తాశయంలో రాళ్లని కరీంనగర్లో ఆపరేషన్ చేశారు. నేనూ వెంట పోయాను. నర్సమ్మ వచ్చి ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు, మెట్టెలు కూడా తీయాలంది.

లక్ష్మీరాజం మంచానికి అడ్డం వచ్చి నిలబడ్డాడు. "వద్దమ్మా. అవొక్కటి తియ్యకుండ్రి. నీకు దండం వెడ్త."

ఆమె రూలు ఆమెది. చివరికి ఆయనే కింద కూర్చుని, సబ్బు నీళ్లు పెట్టి ఆ మెట్టెలు తీశాడు. ఆపరేషన్ అయ్యేదాకా బయట బల్ల మీద గుప్పిట మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికోసారి గుప్పిట తెరవడం, చూడడం, మూయడం. చాయ్ తాగమంటే తాగలేదు. నన్ను కూడా చూడమని చేయి చాపాడు. చూశాను. తళతళ మెరుస్తున్నాయి.

ఆమెను బయటికి తెచ్చారు. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు. కళ్లు సగం తెరిచి, మగడు ఎటువైపున్నాడో వెతుక్కుని, తడి ఆరిన నోటితో అడిగింది.

"ఎట్లున్నయి?"

ఆయన గుప్పిట తెరిచి ఆమె కళ్ల ముందు పెట్టాడు.

"తెల్లగనే ఉన్నయే" అన్నాడు.